బదనికను నాటడంలో ఏ పిట్ట మేలు?

మామిడి కొమ్మకు బదనిక (వేరే చెట్ల కొమ్మల మీద పెరిగే పరాన్న మొక్క) పట్టిందంటే అక్కడ గింజ వేసింది ఎక్కువగా పిట్టే. మన ప్రాంతంలో ఆ పనికి పేరు పడ్డవి రెండు: పేల్‌బిల్డ్ ఫ్లవర్‌పెకర్, థిక్‌బిల్డ్ ఫ్లవర్‌పెకర్. మొదటిది 8 సెంటీమీటర్లే ఉంటుంది, మన దేశంలోని అతి చిన్న పిట్టల్లో ఒకటి. బూడిద రంగు ఒళ్ళు, లేత రంగు సన్నటి ముక్కు. రెండోదానికి ముక్కు మందం, రొమ్ము మీద చారలు. కూర్చున్నంతసేపూ తోకను అటూ ఇటూ ఆడిస్తుంది.

తినే తీరులోనే అసలు తేడా ఉంది. సన్నముక్కు పిట్ట బదనిక పండును అమాంతం మింగేస్తుంది. కొద్ది నిమిషాల్లోనే గింజ బయటికి వస్తుంది, కానీ దాని చుట్టూ ఉన్న జిగురు మాత్రం పోదు. అందుకే పిట్ట వెనక భాగాన్ని కొమ్మకు రాసి గింజను వదిలించుకుంటుంది. గింజ అక్కడే అతుక్కుని మొలకెత్తుతుంది. మందముక్కుది మింగదు. పండును ముక్కుతో నలిపి, గుజ్జు తిని, గింజను కూర్చున్న కొమ్మకే గీకేస్తుంది.

కాబట్టి గింజ మరో చెట్టుకు చేరాలంటే నా ఓటు సన్నముక్కుదానికే. ఆ కొద్ది నిమిషాల్లో అది ఎగిరి వేరే చెట్టు మీద వాలే అవకాశం ఉంది. అలాగని మరీ దూరమేమీ పోదు. బదనికలు ఒకే చెట్టు మీద గుంపుగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. పైగా ఈ పిట్ట విచ్చుకోని బదనిక మొగ్గ కొసను ముక్కుతో నొక్కుతుంది. మొగ్గ టప్పున విచ్చుకుని పుప్పొడి దాని ముఖాన చిమ్ముతుంది. తేనె తాగి అదే ముఖంతో మరో పువ్వు దగ్గరికి వెళ్తుంది. పువ్వు కాయ కావడం నుంచి గింజ కొమ్మకు చేరడం దాకా చిట్టి పిట్ట ఒక్కటే చూసుకోవడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

మామిడి రైతుకు మాత్రం రెండూ తలనొప్పే. బదనిక తన ఆకులతో ఆహారం తయారుచేసుకున్నా, నీళ్ళూ లవణాలూ చెట్టు నుంచే లాగుతుంది. అయినా పిట్టల్ని తరమడం దండగ. బదనికను నమ్ముకున్నవి అవొక్కటే కాదు, కామన్ జెజెబెల్ సీతాకోకచిలుక గొంగళ్ళు కూడా ఆ ఆకులే తిని పెరుగుతాయి. తోట బయటి చెట్ల మీద దాన్ని ఉండనివ్వండి. తోటలో అయితే పండ్లు పండకముందే, బదనిక అతుక్కున్న చోటికి కాస్త కిందగా కొమ్మను కోసేయండి.