అరుదైన ఆప్షన్లున్న 1969 మస్టాంగ్ మాక్ 1: పదేళ్లు దాటిన వాడకం తర్వాత

1969 ఫోర్డ్ మస్టాంగ్ మాక్ 1. 351 ఘనపుటంగుళాల వి8 ఇంజిన్, నాలుగు బారెళ్ల కార్బురెటర్, ఆటోమేటిక్ గేర్లు, షాంపేన్ గోల్డ్ రంగు. వీటికి తోడు ఫ్యాక్టరీలోనే బిగించిన ఏసీ, ఎనిమిది ట్రాకుల టేపు ప్లేయరు, మడిచే వెనక సీటు, తలుపు తీస్తే పక్కకు తప్పుకునే స్టీరింగ్, ముందు చక్రాలకు పవర్ డిస్క్ బ్రేకులు. డెట్రాయిట్ శివార్లలోని ఒక ఇంటి గ్యారేజీలో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న ఈ బండిని కొని పదేళ్లు దాటింది. తయారైంది కూడా మా ఇంటికి ఎంతో దూరం లేని డియర్‌బోర్న్ ఫ్యాక్టరీలోనే. బండి సంఖ్యలో (రిజిస్ట్రేషన్ నంబరు కాదు, ఫ్యాక్టరీ వేసే గుర్తింపు సంఖ్య) రెండో స్థానంలో ఉన్న ‘ఎఫ్’ అక్షరానికి అర్థం అదే. తెలిసినవాళ్లు కొందరు ఇలాంటి బండ్లు చూస్తూ, ‘తుప్పు పట్టింది కానీ అరుదైన ఆప్షన్లున్నాయట, కొనేయమంటారా?’ అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఈ సమీక్ష.

బండి నచ్చితే కొనండి. ఆప్షన్ల పేరు చెప్పి అడిగే అదనపు సొమ్ము మాత్రం ఇవ్వవద్దు. దీనికి మినహాయింపులు లేకపోలేదు, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ముందుగా ఈ ‘అరుదు’ అన్నది ఎలా పుడుతుందో చూడాలి. 1967 నుంచి తయారైన ఫోర్డ్ కార్ల ఉత్పత్తి వివరాలు మార్టీ ఆటో వర్క్స్ అనే సంస్థ దగ్గర ఉన్నాయి. ఫోర్డ్ ఇచ్చిన లైసెన్సుతో వాళ్లు ఆ వివరాలను నివేదికలుగా అమ్ముతారు. బండి సంఖ్య పంపితే అది ఎప్పుడు తయారైంది, ఏ డీలరుకు వెళ్లింది, ఏయే ఆప్షన్లతో వెళ్లిందన్నది తెలుస్తుంది. సమాచారం నమ్మదగ్గది, నాకు ఎంతో ఉపయోగపడింది. చిక్కంతా అందులోని లెక్కల భాగంతోనే. 1969లో తయారైన మాక్ 1లు 72,458. వాటిలో ఈ ఇంజిన్ ఉన్నవి ఇన్ని, వాటిలో ఈ గేర్‌బాక్సు ఉన్నవి ఇన్ని, మళ్లీ వాటిలో ఈ రంగువి, ఈ సీట్లవి, ఈ స్టీరింగువి అని వడపోస్తూ పోతే చివర్లో మిగిలేది ఒక్కటే. తిరుమల క్యూలో గుండు చేయించుకున్నవారిని లెక్కపెట్టి, అందులో నీలం సంచీ ఉన్నవారిని, అందులో ఎడమ జేబులో కళ్లజోడు ఉన్నవారిని ఏరుతూ పోతే ఎవరైనా ‘ఒకే ఒక్కరు’ అవుతారు. అంతమాత్రాన ఆయనకు ప్రత్యేక దర్శనం ఇవ్వరు కదా!

నాకు బండి అమ్మిన పెద్దాయన ఆ నివేదికకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ‘ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే’ అంటూ ధరకు అదనంగా మరికొన్ని వేలు అడిగారు. నేను బండి కిందికి దూరి చూసి వచ్చి, తుప్పు పట్టిన మామూలు 351 బండికి ఎంత ఇవ్వవచ్చో అంతే చెప్పాను. నెలన్నర తర్వాత ఆయనే ఫోన్ చేశారు. బేరంలో నా తెలివేమీ లేదు, ఆ లోపు మరెవరూ ఎక్కువ ఇస్తామనలేదు, అంతే.

ఒక బండి అరుదు కావడానికి ప్రధానంగా రెండు కారణాలు కనిపిస్తాయి. అప్పట్లో కొనే స్తోమత ఎవరికీ లేకపోవడం ఒకటి, కావాలని ఎవరూ అనుకోకపోవడం రెండోది. షెవర్లే 1969లో జెడ్ఎల్1 కమారోలు 69 మాత్రమే చేసింది. అల్యూమినియంతో పోతపోసిన 427 ఇంజిన్ ఒక్కదానికే 4,000 డాలర్ల పైచిలుకు అదనం. అప్పటికి అది మరో మంచి కారు ధర. కొన్ని బండ్లు డీలర్ల దగ్గర 1970ల మొదటి దాకా అమ్ముడుపోక మూలుగుతూ ఉండిపోయాయి. ఈరోజు అలాంటిది తుప్పు పట్టి పొలంలో దొరికినా జనం ఎగబడతారు. దాని అరుదు వెనక కోరిక ఉంది, చేతిలో డబ్బు లేదంతే. నా బండిలోని తప్పుకునే స్టీరింగు సంగతి వేరు. కొనగలిగినవాళ్లు కూడా ‘దీని బదులు ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే టాకోమీటర్ పెట్టించుకుంటే మేలు’ అనుకుని వదిలేసిన వస్తువు అది. యాభై ఏళ్ల తర్వాత కొనేవాళ్లూ అలాగే అనుకుంటున్నారు.

మా బండి సంఖ్యలో ఐదో స్థానంలో ‘ఎం’ ఉంటుంది. అంటే 351 నాలుగు బారెళ్లది, 290 అశ్వశక్తి. అదే చోట ‘ఆర్’ ఉంటే 428 కోబ్రా జెట్ అనే పెద్ద ఇంజిన్, బానెట్ మీది రంధ్రంలోంచి బయటి గాలిని అందించే ర్యామ్ ఎయిర్‌తో. దాన్ని 335 అశ్వశక్తి అని ప్రకటించారు కానీ నిజానికి ఎక్కువే ఉంటుందని అందరి నమ్మకం. ఆ ఒక్క అక్షరం ధరను ఎంత మారుస్తుందో, నా బండిలోని ఆప్షన్లన్నీ కలిసినా అందులో వీసమెత్తు మార్చవు.

ఇక వాడకం. ఆప్షన్లలో నాకు అన్నిటికంటే ముద్దొచ్చేదీ, అన్నిటికంటే ఏడిపించిందీ ఆ స్టీరింగే. ఇంజిన్ ఆపి, గేరును పార్కులో పెట్టి తలుపు తీస్తే చక్రం మొత్తం పైకి లేచి లోపలి వైపుకు జరుగుతుంది. ఎక్కడానికి, దిగడానికి దారి ఇస్తుంది. ఇదంతా నడిచేది ఇంజిన్ గాలిని లాగినప్పుడు పుట్టే శూన్యపీడనంతో (వ్యాక్యూమ్). సన్నని రబ్బరు గొట్టాలు, ఆ శూన్యాన్ని నిల్వ ఉంచే ఒక డబ్బా, తలుపు చట్రంలో ఒక స్విచ్చు. వీటిలో ఏ ఒక్కటి గాలి పీల్చినా చక్రం మొండికేస్తుంది. నా బండిలో అన్నీ పీల్చాయి. కొత్త భాగాలు నాకు దొరకలేదు. అదే కాలపు మెర్క్యురీ కూగర్ల (ఫోర్డ్ సంస్థదే మరో కారు) పాత సామాను అమ్మేవాళ్ల చుట్టూ తిరిగి, రెండు పాడైన వాటి నుంచి ఒక మంచిదాన్ని కూర్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు పనిచేస్తోంది. వచ్చిన పిల్లలందరూ పది సార్లు తలుపు తీసి మూసి చూస్తారు. మా అత్తగారు మాత్రం, ‘కారు దిగమని గెంటేస్తున్నట్టుంది’ అన్నారు.

స్టీరింగు మాట వచ్చింది కాబట్టి హారన్ గురించి కూడా చెప్పాలి. దీనికి నడుమ బొత్తాం ఉండదు, చక్రం అంచు లోపలి రబ్బరు పట్టీని ఎక్కడ నొక్కినా మోగుతుంది. రబ్బరు ముసలిదై బిగుసుకుపోయాక ఎవరూ నొక్కకుండానే మోగడం మొదలుపెట్టింది, అదీ అర్ధరాత్రి. పొరుగువారి ముందు తలెత్తుకోవడానికి హారన్ వైరు కొన్నాళ్లు పీకి ఉంచాను.

ఏసీ విషయంలో నా అభిప్రాయం మెరుగ్గా ఉంది. పాత ఆర్12 గ్యాసు తయారీ అమెరికాలో 1996 నుంచి లేదు కాబట్టి ఆర్134ఎకు మార్పించాను. కాస్త తక్కువ చల్లగా ఉన్నా, ఆగస్టులో వుడ్‌వర్డ్ వీధిలో జరిగే పాత కార్ల ఊరేగింపు డ్రీమ్ క్రూజ్‌లో గంటల తరబడి నత్తనడకన వెళ్లేటప్పుడు పక్క బండ్లవాళ్లు మా కేసి చూసే చూపులోనే దాని విలువ తెలుస్తుంది. డిస్క్ బ్రేకులు కూడా అంతే. మాక్ 1కు మామూలుగా వచ్చేవి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, ఈ కాలపు రోడ్ల మీద వాటితో తిరగాలంటే గుండెధైర్యం కావాలి. అయితే డిస్కులను ఎవరైనా ఒక వారాంతంలో బిగించుకోవచ్చు. కాబట్టి ఫ్యాక్టరీవి ఉన్నాయని ఎవరూ ఎక్కువ ఇవ్వరు. టేపు ప్లేయరు ఒకటి ఉంది, ఉందంటే ఉంది. డ్యాష్‌బోర్డులో గుండ్రటి గడియారం కూడా ఉంది, అది రోజుకు రెండుసార్లు సరైన సమయం చూపిస్తుంది.

ఇప్పుడు అసలు డబ్బంతా మింగిన చోటు. ఈ కాలపు మస్టాంగులలో ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర సన్నని చీలికలు ఉంటాయి. లోపలికి గాలి వచ్చేది అక్కడి నుంచే. వాన నీరు కూడా అందులోనే పడి, రెండు పక్కలకూ పారి బయటికి పోవాలి. ఆకులు, మట్టి చేరి నీరు నిలిచిపోతే లోపలి రేకు తుప్పు పడుతుంది. ఆ తర్వాత ముందు కూర్చున్నవారి పాదాల మీద, అక్కడి నుంచి నేల రేకు మీదకు కారుతుంది. రెండు రేకులను స్పాట్ వెల్డింగ్‌తో అతికించి మూసేసిన పెట్టె అది, లోపలికి చెయ్యి పోదు. సరిగ్గా బాగుచేయాలంటే అద్దం, డ్యాష్‌బోర్డు, ముందు ఫెండర్లు విప్పి, వెల్డు చుక్కలను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలిచి, కొత్తది పెట్టి మళ్లీ అతకాలి. నేను మొదట పని అప్పగించిన టింకరింగ్ దుకాణంవారు అదేమీ చేయకుండా పైనుంచి సీలెంటు పూసి, పూర్తి పనికి బిల్లు వేశారు. మొదటి వానకే సంగతి బయటపడింది. రెండో మనిషి నిజాయితీపరుడు కాబట్టి ఎక్కువ తీసుకున్నాడు.

పెట్టె విప్పాక దాని కింద టార్క్ బాక్సులు (బాడీ మెలితిరగకుండా ఆపే రేకు పెట్టెలు), వెనక డిక్కీ అంచులు, మడిచే సీటు కింద రేకు అన్నీ వరసగా బయటపడ్డాయి. పాత యజమాని ఎవరో నేల చిల్లుల మీద రేకు ముక్కలు రివెట్లతో కొట్టి, పైన వేలెడు మందాన లప్పం పూశారు. మిషిగన్‌లో శీతాకాలం రోడ్ల మీద చల్లే ఉప్పు మిగతా పని పూర్తి చేసింది. బాడీకి పెట్టిన ఖర్చు బండి కొన్న ధరను దాటి చాలా దూరం వెళ్లింది. మీరు చూడబోతున్న బండి ఏదైనా సరే, యజమాని అనుమతితో ఆ చీలికల్లో ఒక సీసా నీళ్లు పోసి, కార్పెట్ ఎత్తి చూడండి. ఆయన ఒప్పుకోకపోతే అదే జవాబు.

మస్టాంగ్ కొన్నవాళ్లకు ఒక అదృష్టం ఉంది. నేల రేకులు, పక్క రేకులు, నేను చెప్పిన ఆ పెట్టె, ఆఖరికి 1969 ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి వాలుగా దిగే రకం) బాడీ మొత్తం కూడా కొత్తగా అచ్చువేసి అమ్ముతున్నారు. డబ్బుంటే తుప్పును జయించవచ్చు. కొత్తగా దొరకడం కష్టమైనవి ఆ అరుదైన ఆప్షన్ల భాగాలే, ఎందుకంటే వాటిని అడిగేవాళ్లు తక్కువ. నిర్లక్ష్యానికి గురైన బండిలో ముందుగా పాడయ్యేవీ, పోయేవీ అవే. అలా అరుదైన ఆప్షను అమ్మేటప్పుడు కలిపే దానికంటే, బాగుచేసేటప్పుడు తీసుకునేది ఎక్కువ. కాగితం మీద ఉండి బండిలో లేని ఆప్షనైతే మరీ ఘోరం, ఆ ఖాళీ కొనేవాడి కంటికి ప్రతిసారీ కనబడుతుంది.

కొన్ని ఆప్షన్లు తుప్పును దాచిపెడతాయి కూడా. ప్లిమత్ 1969, 70లలో కొన్ని బరకుడాలకు పూల డిజైను వినైల్ పైకప్పు ఇచ్చింది. చూడటానికి ఎవరి ఇంటి పరుపు దుప్పటో తెచ్చి అతికించినట్టుంటుంది, ఇప్పుడు దానికి అభిమానులున్నారు. కానీ వినైల్ కింద చేరిన తేమ ఎటూ పోలేదు. పూలు తాజాగా ఉన్నా కింద రేకు ఉందో లేదో నొక్కి చూడాల్సిందే.

ఇక మినహాయింపులు. ఇంజిన్‌కు, వేగానికి సంబంధించిన ఆప్షను నిజంగా లెక్కలోకి వస్తుంది. 428 కోబ్రా జెట్‌కు డ్రాగ్ ప్యాక్ తీసుకుంటే 3.91 లేదా 4.30 నిష్పత్తి వెనక ఇరుసు, ఆయిల్ కూలరు, లోపల బలమైన కనెక్టింగ్ రాడ్లు వచ్చేవి. బండి పేరే సూపర్ కోబ్రా జెట్ అయ్యేది. అలాంటిది పాడుబడి దొరికితే, అసలు ఇంజిన్ ఉంటే, తుప్పున్నా కొనడంలో అర్థముంది. శబ్దానికీ ధర ఉంది. 1970 పాంటియాక్ జీటీవోకు డ్యాష్‌బోర్డు కింద మీట లాగితే ఎగ్జాస్ట్ గొంతు పెంచే ఆప్షను కొద్ది నెలలే అమ్మారు, అది వెళ్లింది 233 బండ్లకే. కోరుకునేవాళ్లున్న అరుదు కాబట్టి దానికి డబ్బొస్తుంది. అయితే రుజువు ఉండాలి. పాంటియాక్‌కు పీహెచ్ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) ఇచ్చే కాగితాలున్నాయి, క్రైస్లర్ బండ్లకు ఆప్షన్ల సంకేతాలు చెక్కిన రేకు ముక్క (ఫెండర్ ట్యాగు), సీటు స్ప్రింగుల్లో దొరికే ఫ్యాక్టరీ కాగితం (బ్రాడ్‌కాస్ట్ షీటు) ఉన్నాయి. అమెరికాలో అమ్మిన షెవర్లేలకు అలాంటి ఉత్పత్తి రికార్డు లేదు. బండితో పాటు కాగితం రాకపోతే, చెప్పేవాడి నోటిమాటే ఆధారం. మాటకు మాత్రం డబ్బు చెల్లించకండి.

కిందటేడు బీమా కోసం ఒప్పంద విలువ, అంటే బండి పోతే ఎంత ఇవ్వాలో బీమా సంస్థతో ముందే ఒప్పుకునే విలువ, కట్టించుకున్నాను. వచ్చినాయన ఇంజిన్ దిమ్మె మీద సంఖ్య సరిచూశాడు, అయస్కాంతం తీసి పక్క రేకుల మీద తిప్పాడు, అద్దం కింద టార్చి వేసి చాలాసేపు చూశాడు. నివేదిక చదివి, బాగుందని తల ఊపి పక్కన పెట్టాడు. తప్పుకునే స్టీరింగుకు వేరే అంకె ఏమీ వేయలేదు. ఏసీ పనిచేస్తోందా అని మాత్రం అడిగాడు. అదైనా, ఆ రోజు ఎండ బాగా ఉంది కాబట్టి అడిగాడేమో.