పాతకాలంలో సూర్యుడు ఎంత చురుగ్గా ఉన్నాడో లెక్కకట్టడానికి ఏది మేలు: మచ్చల రికార్డా, అరోరా రికార్డా?

1610 నుంచి ఇటు కాలానికైతే టెలిస్కోపుతో చూసి రాసిన సూర్యమచ్చల (సూర్యుడి మీద కనిపించే నల్లని మచ్చల) రికార్డే మేలు. అంతకు ముందు కాలానికి, లేదా ఒక భారీ సౌర తుఫాను భూమిని ఎంత బలంగా తాకిందో తేల్చడానికి, అరోరా (రాత్రి ఆకాశాన కనిపించే రంగుల వెలుగు) రాతలే నయం.

మచ్చలతో అంకె దక్కుతుంది. మచ్చల లెక్కకు వాడే వుల్ఫ్ సూత్రం ప్రకారం మచ్చల గుంపుల సంఖ్యను 10తో హెచ్చించి, విడి మచ్చలు కలిపి, పరిశీలకుడి గుణకంతో (ఒకరి లెక్కను మరొకరి లెక్కతో సరితూచే అంకెతో) హెచ్చించాలి. గుణకం 1 అయితే, 3 గుంపుల్లో 12 మచ్చలకు 42 వస్తుంది. చిక్కంతా ఆ గుణకంతోనే: ఇద్దరు పరిశీలకులు ఒకే రోజుల్లో చూసి ఉంటేనే అది కుదురుతుంది. అంతకన్నా ప్రమాదం సున్నాలతో. మధ్యాహ్న వేళ సూర్యుడి ఎత్తు మాత్రమే కొలిచినవారు మచ్చల ఊసెత్తకపోతే, 1998 నాటి గుంపుల జాబితాలో దాన్ని చాలాచోట్ల ‘మచ్చల్లేవు’ అని లెక్కేశారు. దాంతో మచ్చలు బాగా తగ్గిపోయిన మౌండర్ మినిమం కాలం (1645–1715) ఉన్నదానికన్నా బోసిగా కనిపించింది. మచ్చ లేదని రాసి ఉంటేనే సున్నా వేయాలి, లేదంటే గడి ఖాళీగా వదలాలి. బొమ్మ కూడా ఉంటే మచ్చ ఏ అక్షాంశంలో ఉందో తెలుస్తుంది. మౌండర్ కాలం చివర్లో మచ్చలు దాదాపుగా సూర్యుడి దక్షిణార్ధంలోనే కనిపించాయన్న విలువైన సంగతి అలా బయటపడిందే. అరోరాలో అది దొరకదు.

అరోరా రాతను నమ్మే ముందు తేదీని నేటి క్యాలెండర్‌కు మార్చి, ఆ రాత్రి చంద్రుడి దశ చూడాలి. పాత రాతల్లో అరోరాను ‘ఆవిరి’ అని కూడా రాశారు, కానీ నిండు వెన్నెల రాత్రి ‘తెల్లని ఆవిరి’ చంద్రుడి చుట్టూ కట్టిన గుడి కావచ్చు. దిక్కు, వేళ, రంగు రాసి లేకపోతే పక్కన పెట్టడమే మంచిది. ఎత్తు మరీ ముఖ్యం: 400 కి.మీ. పైన వెలిగే ఎర్రకాంతి 20 డిగ్రీల అక్షాంశం దూరం నుంచి కూడా దిగంతాన కనిపిస్తుంది. నడినెత్తిన చూశారా, దిగంతానా అన్నది తేలకపోతే తుఫాను పరిమాణం తారుమారవుతుంది. అప్పటి భూ అయస్కాంత ధ్రువం ఎక్కడుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ధ్రువాల దగ్గరి దేశాల అరోరాల నుంచి మచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ల చక్రాన్ని అల్లకూడదు. మచ్చలు తగ్గే దశలోనూ సూర్యుడి బయటి పొరలోని కరోనా రంధ్రాల నుంచి వీచే గాలి ఆ అరోరాలను వెలిగిస్తుంది.

1872 ఫిబ్రవరి 4న బొంబాయిలో అరోరా కనిపించిందన్న వార్తకు బలం అక్కడి కొలాబా పరిశీలనశాల అయస్కాంత కొలతల్లోనే ఉంది: అదే రాత్రి భారీ అయస్కాంత తుఫాను నమోదైంది. పాత కాలంలో అలాంటి తోడు అరుదు. అందుకే 1128 అంత అపురూపం: డిసెంబర్ 8న ఇంగ్లాండులో చరిత్ర రాసిన సన్యాసి జాన్ ఆఫ్ వూస్టర్ సూర్యుడి మీద రెండు పెద్ద మచ్చలు గీశాడు, ఐదు రోజులకు కొరియాలో ఎర్రని ఆవిరి రాత్రి ఆకాశాన కనిపించిందని రాశారు.