కౌంటింగ్ రోజు దేన్ని నమ్ముకోవాలి: టీవీనా, వెబ్‌సైటా, పేపరా?

ఎన్నికలు దగ్గర పడ్డప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. ఎవరు గెలుస్తారు అని కాదు, అది నాకూ తెలియదని అందరికీ తెలుసు. "కౌంటింగ్ రోజు ఏ చానెల్ పెట్టుకోమంటారు?" అని. ఏ చానెల్ అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అసలు చానెలే పెట్టుకోవాలా అన్నదానికి మాత్రం ఉంది.

ముందు టీవీ సంగతి. దాన్ని తిట్టడం ఇప్పుడు ఫ్యాషన్ గానీ, దానికున్న సుగుణం దానికుంది. వేగం. కౌంటింగ్ హాల్లో ఒక రౌండ్ పూర్తయ్యాక లెక్కలు సరిచూడాలి, అబ్జర్వర్ ఒప్పుకోవాలి, రిటర్నింగ్ అధికారి ప్రకటించాలి, ఆ తర్వాతే అది కంప్యూటర్లోకి ఎక్కుతుంది. ఈలోగా అభ్యర్థుల ఏజెంట్ల చేతిలో కాగితం ముక్క మీద అంకెలు ఉండనే ఉంటాయి. బయట కాచుక్కూర్చున్న విలేకరికి అవి ఎలాగోలా చేరతాయి, అక్కణ్నుంచి స్టూడియోకి. అందుకే టీవీ ఎప్పుడూ ఎన్నికల సంఘం వెబ్‌సైట్ కన్నా ముందుంటుంది.

పైగా గాలి ఒకే వైపు వీచిన రోజు టీవీని మించింది లేదు. 2019 మే 23న ఆంధ్రలో 175 సీట్లలో వైసీపీకి 151, 2024 జూన్ 4న అదే పార్టీకి 11, కూటమికి 164. అలాంటి రోజుల్లో మధ్యాహ్నం భోజనం వేళకి లెక్కతో పనే ఉండదు. ఆ పైన మనం చూసేది మనుషుల ముఖాలు. ఒక పార్టీ ఆఫీసు ముందు టపాసులు, డప్పులు. ఇంకో ఆఫీసు ముందు ఖాళీ కుర్చీలు. అప్పుడు టీవీ కట్టేసి వెబ్‌సైట్ చూడడమంటే, పెళ్ళికి వెళ్ళి ఓ మూల కూర్చుని శుభలేఖ చదువుకోవడం లాంటిది.

ఇబ్బందల్లా పోటీ గట్టిగా ఉన్న చోట. ఉదయం 8 గంటలకు మొదలయ్యేది పోస్టల్ బ్యాలెట్ల లెక్కింపు. ఈవీఎంలు 8:30 నుంచి. అంటే 8:15కి తెర మీద "ముందంజ" అని మెరిసే పేర్లన్నీ పోస్టల్ ఓట్లలో మొదటి కట్టల పుణ్యమే. ఎక్కువ భాగం ఉద్యోగుల ఓట్లు. వాటి మీద ఆధారపడి ఒక చానెల్ 30 సీట్లు ఇటు, ఇంకో చానెల్ 40 సీట్లు అటు చూపించి, వెనకాల ఆ డమడమల సంగీతం పెట్టేసరికి మన బీపీ పెరగడం తప్ప తెలిసేదేమీ ఉండదు. రెండు చానెళ్ళ లెక్కలు కలవకపోవడానికి పక్షపాతం ఒక్కటే కారణం కాదు. ఎవరి విలేకరులు ఎక్కడ నుంచి ఎంత ముందుగా అంకె తెచ్చారన్నది కూడా. పక్షపాతం లేదనడం లేదు. మన దగ్గర ఏ చానెల్ ఎవరిదో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: లీడ్ పక్కన రౌండ్ నెంబరు ఉందా లేదా. టీవీ "3,000 ఓట్ల ఆధిక్యం" అంటుంది. ఎన్నో రౌండ్‌లో? మొత్తం ఎన్ని రౌండ్లలో? అది స్క్రోలింగ్‌లో అరుదుగా కనిపిస్తుంది. అది లేకుండా ఆ 3,000కి అర్థం లేదు.

ఎందుకో చూడండి. మామూలుగా హాల్లో 14 టేబుళ్ళు వేస్తారు. ఒక్కో టేబుల్ మీద ఒక్కో బూతు యంత్రం. పద్నాలుగూ అయితే ఒక రౌండ్. 250 బూతులున్న నియోజకవర్గమైతే 18 రౌండ్లు పడుతుంది. ఓటర్లు 2,30,000 మంది అనుకుని, 80 శాతం పోలింగ్ వేసుకుంటే ఒక్కో రౌండ్‌లో పదివేల పైచిలుకు ఓట్లు. ఇప్పుడు చెప్పండి, పదో రౌండ్ దగ్గర 3,000 ఆధిక్యం అంటే ఇంకా ఎనభై వేల ఓట్లు మిగిలే ఉన్నాయి. ఎటైనా పోవచ్చు. అదే 3,000 పదిహేడో రౌండ్ దగ్గరైతే, దాదాపు దండలు తెప్పించుకోవచ్చు.

ఇంకో మెలిక. బూతు నెంబర్లు ఊళ్ళ వరుసలో ఉంటాయి, లెక్కింపూ ఆ వరుసలోనే. మొదటి నాలుగైదు రౌండ్లు ఒకే మండలానివి కావచ్చు, పట్టణం ఓట్లు చివర్లో రావచ్చు. తన మండలం అయిపోయేదాకా అభ్యర్థి వెలిగిపోతాడు, తర్వాత ఒక్కో రౌండ్‌కీ కరుగుతూ వస్తాడు. 2023 డిసెంబర్ 3న కామారెడ్డి గుర్తుందా? ఒక పక్క ముఖ్యమంత్రి కేసీఆర్, ఇంకో పక్క కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షుడు రేవంత్ రెడ్డి. తొలి రౌండ్లలో రేవంత్ ముందున్నారు, దేశమంతా అదే మాట్లాడుకుంది. చివరికి ఇద్దరినీ ఓడించి 6,741 ఓట్లతో గెలిచింది బీజేపీ అభ్యర్థి వెంకట రమణారెడ్డి. మిగిలిన రౌండ్ల మీద కన్నేసినవాళ్ళు మాత్రమే ఆ రోజు మధ్యాహ్నం తొందరపడలేదు.

ఎన్నికల సంఘం ఫలితాల వెబ్‌సైట్‌లో నాకు నచ్చేది ఇదే. నియోజకవర్గం పేజీ తెరిస్తే పైన "12/18" అని ఉంటుంది. పద్దెనిమిదిలో పన్నెండు రౌండ్లు అయ్యాయని. కింద ఒక్కో అభ్యర్థికి ఈవీఎం ఓట్లు వేరే, పోస్టల్ ఓట్లు వేరే, మొత్తం, శాతం. నోటాకి కూడా ఓ వరుస. ఏ పార్టీకీ ఎక్కువ పెద్ద అక్షరాలు లేవు. బొమ్మలు ఎగరవు. రౌండ్ల వారీగా ఎవరికెన్ని వచ్చాయో కూడా చూడొచ్చు. ఏ మండలం ఎటు వేసిందో తెలిసినవాడికి అక్కడే కథంతా అర్థమైపోతుంది. లీడ్‌లో ఉన్నవాళ్ళకీ, గెలిచినట్టు ప్రకటించినవాళ్ళకీ తేడా కూడా అది ఖచ్చితంగా చూపిస్తుంది.

ఆ తేడా చిన్నది కాదు. రౌండ్లన్నీ అయ్యాక కూడా పని మిగులుతుంది. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌లో లాటరీ తీసి ఐదు బూతుల వీవీప్యాట్ చీటీలు (ఓటు ఎవరికి పడిందో చూపించే కాగితాలు) కూడా లెక్కపెట్టాలి. అదే ఏడాది విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు బొండా ఉమా మీద గెలిచింది 25 ఓట్ల తేడాతో. 2024లో మడకశిరలో తేడా 351. ఇలాంటి చోట "గెలుపు" అని టీవీ వేసిందని స్వీట్లు పంచడం మహా రిస్కు.

వెబ్‌సైట్‌కి లోపాలు లేవా అంటే బోలెడు. అందరూ ఒకేసారి తెరిచే వేళ పేజీ తిరుగుతూ కూర్చుంటుంది. రౌండ్ అయిన చాలాసేపటికి గానీ అంకె మారదు. ఇంట్లో పెద్దవాళ్ళ చేతికిస్తే నాలుగు సార్లు నొక్కి, "నీ ఫోను పాడైందిరా" అని తిరిగిచ్చేస్తారు. అందుకే మా ఇంట్లో టీవీ మ్యూట్‌లో నడుస్తుంది, ఫోన్‌లో సైట్ తెరిచి ఉంటుంది, పక్కన ఓ తెల్ల కాగితం. దాని మీద నాకు కావలసిన పదీ పన్నెండు సీట్లు రాసుకుని, పక్కన లీడ్, మిగిలిన రౌండ్లు వేసుకుంటా. బొమ్మకి టీవీ, లెక్కకి సైట్. రెండింట్లో ఒకటే ఉంచుకోమంటే, ఆలోచించకుండా సైటే.

యూట్యూబ్ లైవుల్లో రెండు రకాలు. చానెళ్ళ లైవు అంటే టీవీయే, కాస్త ఆలస్యంగా. డాలస్‌లో ఉన్నవాళ్ళకి అదే దిక్కు. జూన్‌లో మన ఉదయం 8 అంటే వాళ్ళకి ముందురోజు రాత్రి 9:30. మర్నాడు ఆఫీసు ఉన్నా కళ్ళు కాయలు కాచేలా చూస్తారు. రెండో రకం ఒంటరి విశ్లేషకులు. జిల్లా గురించి నిజంగా తెలిసినవాళ్ళు కొద్దిమంది ఉన్నారు, వాళ్ళు ఏ రౌండ్‌లో ఏ మండలం వస్తుందో చెబుతారు. అలాంటివాళ్ళు దొరికితే వదలకండి. మిగతావన్నీ థంబ్‌నెయిళ్ళే. రేడియోలో వార్తల వేళకి మొత్తం అంకె చెబుతారు, అంతవరకు బాగానే ఉంటుంది.

మర్నాటి పేపరు మాత్రం కొనండి. జిల్లా పేజీల్లో ప్రతి నియోజకవర్గానికీ ఓ పట్టీ వేస్తారు: పోలైన ఓట్లు, ఎవరికెన్ని, మెజారిటీ ఎంత. గొడవంతా చల్లారాక టీ తాగుతూ దాన్ని చదవడంలో ఉన్న హాయి వేరు. అంతకన్నా లోతు కావాలనుకునేవాళ్ళకి తర్వాత ఫారం 20 వస్తుంది. అందులో బూతు బూతుకీ లెక్క ఉంటుంది, మన వీధి ఎవరికేసిందో తెలిసిపోతుంది. ఆ ఫారం పట్టుకుని తగువులాడుకున్న అన్నదమ్ములు నాకు తెలుసు.

వాట్సాప్ గ్రూపుల గురించి ఒక్క ముక్క. అసెంబ్లీ, పార్లమెంటు ఫలితాలకి దాన్ని ముట్టుకోవద్దు. ఎప్పటివో స్క్రీన్‌షాట్లు తిరుగుతుంటాయి. కానీ పంచాయతీ ఎన్నికలకి ఈ లెక్కంతా తలకిందులవుతుంది. అవి నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం కాబట్టి ఢిల్లీ సైట్‌లో ఏమీ కనపడదు. పార్టీ గుర్తులుండవు కాబట్టి టీవీ చెప్పే "మద్దతుదారుల" లెక్క ఎవరికి వారిదే. తెలంగాణలో మధ్యాహ్నం ఒంటిగంటకి పోలింగ్ ఆపి, రెండింటికల్లా లెక్కింపు మొదలుపెడతారు. మీ ఊరి సర్పంచి ఎవరో ఆ సాయంత్రం అందరికన్నా ముందు చెప్పేది ఊరి గ్రూపే. ఉప సర్పంచి ఎవరన్నది కూడా అందులోనే వస్తుంది, ఫోటోతో సహా.