గంటన్నరలో అరకిలోమీటరు

"ఏం పోగొట్టుకున్నారు నాయనా, ఉంగరమా?" అని అడిగింది మేకలు తోలుకొస్తున్న పెద్దావిడ. మరి తొమ్మిది మందిమి కొండపల్లి అడవి అంచున గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. గంటన్నరలో మేం నడిచింది అరకిలోమీటరు లేదు. అప్పటికి దొరికింది నేలతాడి అనే చిన్న మొక్క. తాటి మొలకల్లాంటి ఆకులు, వాటి మొదట్లో మట్టినంటుకుని ఆరు రేకుల పసుపు పువ్వు. నిటారుగా నడిచిపోయేవాడికి కనపడదు.

ఈ వానాకాలం గుంటూరు నుంచి అడవి మొక్కలు చూసే ఇలాంటి నడకలు రెండు వెళ్లాను. జులైలో కొండపల్లి, మనిషికి 500. ఆగస్టులో కొండవీడు, వ్యాను, టిఫిను, భోజనం కలిపి 1,400.

కొండపల్లిలో మమ్మల్ని తిప్పింది ఒక రిటైర్డ్ బోటనీ మాస్టారు. ముందు రాత్రే రెండు పుట్టగొడుగుల తలలు తెల్లకాగితాల మీద బోర్లించి ఉంచారట. ఆ కాగితాలు తెచ్చి చూపించారు. ఒకదాని మీద రాలింది లేత గులాబీ పొడి, ఇంకోదాని మీద ఆకుపచ్చ; పుట్టగొడుగుకి విత్తనాల్లాంటివి అవి. గులాబీది చెదపుట్ట మీద మొలిచేది, జనం తినేది. ఆకుపచ్చది పార్కుల్లో గడ్డిలో వచ్చేది, తింటే వాంతులు, విరేచనాలు. పైనుంచి చూస్తే రెండూ తెల్లగొడుగులే. "రంగు చూసి వండుకోమని కాదండోయ్, మొత్తానికే జోలికి పోవద్దని" అన్నారు.

చెదలు పుల్లలూ ఆకులూ తిని, విసర్జించినదాన్ని పుట్టలో తెట్టెలా పేర్చి, దాని మీద బూజు పెంచుకుంటాయట. గొడుగు లేచేది ఆ బూజు నుంచే. పాల పుట్టగొడుగుల్లా షెడ్డు వేసి దీన్ని పెంచలేకపోవడం అందుకే. మాకు కనపడింది చీమలు పట్టిన ఒక్కటే. "ఉరిమిన మూడోనాడు రావాల్సింది" అంది పెద్దావిడ. దారిలో మాస్టారు పొణికి చెట్టు చూపించారు, కొండపల్లి బొమ్మలు చెక్కేది ఆ కర్రతోనే.

పొద్దున్నే అయిదున్నరకి కొండపల్లి పక్కనున్న ఇబ్రహీంపట్నంలో ఉండాలి గనక ముందు రాత్రి బెజవాడ బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను, 1,200. గది శుభ్రమే. తెల్లవారుజామున గేటు తాళం తీసే మనిషిని వెతకడానికే పావుగంట పట్టింది. ఆటో రాత్రే మాట్లాడుకోవడం మేలు.

ఇక కొండవీడు. రెడ్డిరాజుల కోట, పైన చెరువులు, ఘాట్ రోడ్డు. మోకాళ్ల నొప్పులవాళ్లకి ఇదే నయం. కానీ జనం ముప్పై ఒక్కరం, వ్యాను యాభై నిమిషాలు ఆలస్యం. విష్ణుకాంతం పువ్వు మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. మేం వెళ్లేసరికి నీలిరంగు ముడతలు మిగిలాయి. గైడు కుర్రాడు మంచివాడే, కాకపోతే ప్రతి మొక్కకీ ఫోన్లో యాప్ తెరిచి, సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తేవాడు.

ముళ్లకంప మీద అడవినాభి పూసి ఉంది. ఆకు కొసనే తీగలా చుట్టి ఎగబాకుతుంది. రేకులు వెనక్కి విరుచుకుని, కింద పసుపు, పైన ఎరుపు, మంట లేచినట్టే. సెల్ఫీల కోసం ఒకాయన తెంచి పిల్ల చేతికిచ్చాడు. మొక్కంతా విషం, దుంప మరీనూ. ఆ ముక్క గైడు చెప్పలేదు, నేను చెప్పాల్సొచ్చింది. అసలు రిజర్వు అడవిలో ఏదీ తెంపకూడదని బయల్దేరేముందే చెప్పాలి కదా! కొండపల్లిలో అనుమతి కాగితం కూడా చూపించాకే అడుగు వేయించారు మాస్టారు.

భోజనం మాత్రం బ్రహ్మాండం. ముద్దపప్పు, గోంగూర, ఊరమిరపకాయలు. రెండోసారి అడగకుండానే వడ్డించారు.

సెప్టెంబరులో మాస్టారితో మళ్లీ వెళ్తున్నా, పదిమందికి మించనని మాటిచ్చారు. కొండవీడుకి మాత్రం ఇకమీదట నా బండి మీద, వారం మధ్యలో.