గుర్రం ఎదురొచ్చే సన్నబాటల్లో సైకిల్

ఉత్తర కాలిఫోర్నియాలో మౌంటెన్ బైకింగ్‌కి వెళ్లేవాళ్లు ట్రయిల్ అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు అక్కడ గుర్రాలతో ఏ ఏర్పాటు ఉందో కనుక్కోవాలి. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న మెరిన్ కౌంటీ ఈ ఆటకి పుట్టిల్లు. 1976లో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర ఒక మట్టిరోడ్డు మీద పాత సైకిళ్లతో పందాలు పెట్టుకునేవారు. దిగేసరికి వెనక బ్రేకులో గ్రీజు కాలిపోయి మళ్లీ కూరాల్సి వచ్చేది, అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. అంత చరిత్ర ఉన్నా, పక్కనే ఉన్న మౌంట్ టామల్పయస్ కొండ మీద సన్నబాటలు చాలావరకు సైకిళ్లకి బంద్. అగ్నిమాపక బండ్ల కోసం వేసిన వెడల్పాటి మట్టిదారులు, అంటే ఫైర్ రోడ్లే గతి. పుట్టింటికి వెళ్తే వీధి అరుగు మీదే కూర్చోబెట్టినట్టు.

అందుకే బావా నేనూ శాన్ రఫేల్ ఊరి పక్కన, బే (సముద్రపు అఖాతం) ఒడ్డున ఉన్న చైనా క్యాంప్ స్టేట్ పార్కుకి వెళ్లాం. చైనా నుంచి వచ్చిన జాలర్లు ఒకప్పుడు రొయ్యలు పట్టి ఎండబెట్టిన ఊరు. ఇక్కడ షోర్‌లైన్ ట్రయిల్ మీద గుర్రాలు, సైకిళ్లు, నడిచేవాళ్లు అందరూ వెళ్లొచ్చు. నియమం ఒకటే: సైకిల్ అందరికీ తప్పుకోవాలి, నడిచేవాళ్లు గుర్రానికి తప్పుకోవాలి.

మాకు సైకిళ్లు అద్దెకిచ్చిన షాపువాళ్లు సస్పెన్షన్ గురించి క్లాసు పీకి, బెల్లు లేని సైకిళ్లు చేతిలో పెట్టారు. అడిగితే కొనుక్కోమన్నారు. అంత అద్దె గుంజి!

ఒక మలుపు దగ్గర జేగురు రంగు గుర్రం ఎదురైంది. బావ మర్యాదగా సైకిల్ దిగి, చప్పుడు చేయకుండా చెట్టు చాటుకి జరిగాడు. గుర్రం టక్కున ఆగిపోయింది. చెవులు ముందుకి నిక్కాయి, ముక్కుపుటాలు అదురుతున్నాయి. "దాక్కోకండి, ఏదైనా మాట్లాడండి" అంది దాని మీదున్న పెద్దావిడ. బావకి ఇంగ్లీషు తట్టలేదు. "ఏమ్మా, బాగున్నావా? టిఫిన్ అయిందా?" అన్నాడు. చెవులు నెమ్మదిగా సర్దుకున్నాయి. గుర్రం వేటకి బలయ్యే జంతువు. చాటున నక్కింది దాని కంటికి పులే, గొంతు వినిపిస్తే మనిషని తెలుస్తుంది. నిలబడేది కూడా వాలుకి దిగువ వైపే అని చెప్పింది ఆవిడ. బెదిరితే గుర్రం ఎక్కువగా ఎగువకే దూకుతుందట. నా లెక్కలో ఆ ఐదు నిమిషాల పాఠం షాపువాళ్ల క్లాసు కన్నా మేలు.

బస అక్కడే, బ్యాక్ రాంచ్ మెడోస్‌లో టెంటు. కారు దగ్గర్నుంచి సామాను మోసుకెళ్లాలి. తిండి మాత్రం లాకర్లోనే పెట్టండి, మా పులిహోర డబ్బా రాకూన్లనే దొంగ జంతువుల పాలైంది. సముద్రం బాగా పోటెక్కే రోజుల్లో పార్కు రోడ్డు మీదికి నీళ్లొస్తాయి, పోటు వేళలు చూసుకుని బయల్దేరండి.

కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులో కొండల మధ్య ఉన్న లేక్ టాహో సరస్సు దగ్గర ఏర్పాటు వేరు. సరస్సు చుట్టూ తిరిగే టాహో రిమ్ ట్రయిల్లో టాహో మెడోస్ నుంచి టనెల్ క్రీక్ దాకా సైకిళ్లకి సరిసంఖ్య తేదీల్లోనే అనుమతి. సరస్సు కనిపించే తీరు చైనా క్యాంప్‌కి రమ్మన్నా రాదు. కానీ 8,500 అడుగుల పైన, మొదటి ఎక్కుడుకే ఆయాసం. పక్కనున్న ఇంక్లైన్ విలేజ్‌లో గదుల ధరలు గుండె గుభేల్‌మనిపిస్తాయి, రెనో నగరంలో దిగడమే నయం. సరితేదీల్లోనూ గుర్రాలు రావచ్చు కాబట్టి బావ పలకరింపులు అక్కడా అవసరమే. గది బుక్ చేసేముందు క్యాలెండర్ చూడండి: 31, 1 తేదీలు వరసగా బేసి. శనాదివారాలు వాటి మీద పడితే సైకిల్ ఇంట్లో పెట్టి నడవడానికే వెళ్లండి.