డబ్బా మీద ఛాంపియన్ అని రాసుంటే నమ్మి కొనేయద్దండి

తిరుపతిలో సెకండ్ హ్యాండ్ పీఎస్4 (ప్లేస్టేషన్ 4) గేమ్ డిస్కులు కొనేవాళ్ళు, అందులోనూ ఫైటింగ్ గేమ్స్ కోసం తిరిగేవాళ్ళు ఒక్కసారి ఇది చదివి షాపుకి పొండి. నేను ఒక్క మాటకి 600 రూపాయలు ఎక్స్‌ట్రా కట్టి వచ్చినా. ఆ మాట ఛాంపియన్.

మొన్న దసరా సెలవలకి మా అక్క కొడుకు చిత్తూరు నుంచి వచ్చినాడు, ఎనిమిదో క్లాసు, ఇంట్లో ఉండే క్రికెట్టూ కార్ల గేమూ రెండు రోజుల్లో బోరు కొట్టేసినాయి వాడికి, ఇంగ మామా స్ట్రీట్ ఫైటర్ తెచ్చియ్యి మామా అని ఒకటే పాట. నాకూ లోపల ఆశే లెండి. సరే అని బండేసుకుని పోయినాం, బ్రహ్మోత్సవాల జనం కదా, లీలామహల్ సర్కిల్ దాటేసరికే ముప్పావుగంట పట్టింది. షాపు పేరు చెప్పను, గొడవలొద్దు.

అద్దాల బీరువాలో పక్కపక్కనే రెండు డబ్బాలు. ఒకటి మామూలు స్ట్రీట్ ఫైటర్ 5, దానికి 700. ఇంకోటి అదే స్ట్రీట్ ఫైటర్ 5, కింద ఛాంపియన్ ఎడిషన్ అని ఉండాది, దానికి 1,300. షాపాయన్ని తేడా ఏమన్నా అని అడిగితే, సార్ దాంట్లో 16 మందే, దీంట్లో 40 మంది ఫైటర్లు, ఫుల్ ప్యాకేజీ అన్నాడు. పిల్లోడు నా చొక్కా పట్టుకుని లాగతా ఉన్నాడు. డిస్కు తీసి ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసినా, ఒక్క గీత లేదు. డబ్బా లోపల ఎడమ పక్క పేపరు పెట్టే క్లిప్పులుంటాయి చూడండి, అవి ఖాళీగా ఉన్నాయి. మాన్యువల్ పోయుంటుందిలే అనుకున్నా. నేను దెబ్బతిన్నది అక్కడే.

ఇంటికొచ్చి ఇన్‌స్టాల్ చేసి, అప్‌డేట్ దిగేదాకా కాచుకుని, రాత్రి భోజనాలయినాక మొదలుపెట్టినాం. పిల్లోడు వేళ్ళ మీద లెక్కపెడతా ఉన్నాడు. 16. మళ్ళీ లెక్కపెట్టినాడు. మామా బ్లాంకా యాడ? అన్నాడు. బ్లాంకాని ఎంచుకుందామంటే కొనుక్కో అంటుంది. గైల్ కొనుక్కో, హోండా కొనుక్కో, సాగట్ కొనుక్కో. మనకి చిన్నప్పటినుంచి తెలిసిన మొహాలు కొన్ని డబ్బులడగతా ఉన్నాయి. ధాల్సిమ్ అనే ఇండియా యోగి మాత్రం ఉన్నాడు, మనోడు కదా, ఆయన ఒక్కడే మా పరువు కాపాడినాడు.

సంగతేమంటే, డిస్కులో వాడుకోడానికి వచ్చేది మొదటి 16 మందే. మిగతా 24 మంది ఆ ఖాళీ క్లిప్పుల్లో ఉండాల్సిన చీటీలో ఉంటారు. చీటీ మీద ఒక కోడ్ ఉంటుంది, దాన్ని ఒక్క అకౌంట్లో ఒక్కసారే కొట్టొచ్చు. మొదట కొనుక్కున్నాయన కొట్టేసుకుని ఆ 24 మందినీ తన అకౌంట్లో పెట్టుకుని, ఖాళీ డబ్బాని షాపుకి అమ్మేసినాడు. తప్పు ఆయనది కాదు. షాపాయన దాన్ని 40 మంది అని చెప్పి నాకు అంటగట్టినాడు చూడండి, అదీ కడుపుమంట.

మరుసటి రోజు తీసుకుపోయి అడిగితే, సార్ డిస్కు ఆడతాండాది కదా, ఇంగేం కావాల అన్నాడు. కోడ్ వాడేసింది మీకు తెలీదా అంటే, మాకెట్ల తెలుస్తుంది సార్ అని, గోడ మీద రిటర్న్ లేదు అనే బోర్డు చూపించినాడు. చివరికి ఎక్స్‌చేంజ్ అయితే 400కి తీసుకుంటా అన్నాడు. నిన్న 1,300, ఈరోజు 400, అదే డిస్కు.

ఇంటికొచ్చినాక మా వాడు అడిగినాడు, ఒకే గేముకి ఇన్ని పేర్లెందుకు మామా అని. నిజమే, ఈ పేర్ల గోలే లేకపోతే నేను మోసపోయేవాణ్ణే కాదు.

ఇది ఇప్పటిది కాదు. స్ట్రీట్ ఫైటర్ 2 బిళ్ళలేసి ఆడే ఆర్కేడ్ మిషన్లలోకి వచ్చింది 1991లో, అప్పుడు మనం ఎంచుకోగలిగింది 8 మందినే, చివర్లో వచ్చే నలుగురు బాసుల్ని ఆడనిచ్చేవాళ్ళు కాదు. 1992లో ఛాంపియన్ ఎడిషన్ అని ఇంకోటి తెచ్చి ఆ నలుగుర్నీ ఇచ్చినారు, ఇద్దరూ ఒకే ఫైటర్ని తీసుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది. అదే ఏడాది చివర్లో స్పీడు పెంచి హైపర్ ఫైటింగ్, 1993లో కామీ, ఫెయ్ లాంగ్, డీజే, టీ హాక్‌లను కలిపి సూపర్, 1994లో సూపర్ టర్బో. నాలుగేళ్ళలో ఐదు. అప్పట్లో ఇంటర్నెట్లో అప్‌డేట్ పంపే వీలు లేదు కదప్పా, ఒక ఫైటరు మరీ బలంగా ఉన్నాడు, ఇంకోడు పనికిరాకుండా పోతా ఉన్నాడు అని తెలిస్తే సరిచేయడానికి మిషన్ లోపలుండే సర్క్యూట్ బోర్డు కొత్తది చేసి అమ్మాల్సిందే, గేమ్ పార్లరు నడిపేవాడికి కూడా పాత మిషన్లో బోర్డు మారిస్తే జనం మళ్ళీ బిళ్ళలేస్తారు.

ఇంకో తమాషా. చిన్నప్పుడు మేం రూపాయి బిళ్ళలేసి ఆడిన మిషన్లో ర్యూ అనే ఫైటరు గాల్లోకి ఎగిరి నిప్పుబంతులు వేసేవాడు, స్టార్ట్ బటన్ నొక్కితే ఆట మధ్యలో ఫైటరే మారిపోయేవాడు. గేమంటే అట్లనే ఉంటుందనుకునేవాళ్ళం. చాలా ఏళ్ళకి తెలిసింది, అది రెయిన్‌బో ఎడిషన్ అనే దొంగ కాపీ అని. అట్లాంటి కాపీల స్పీడు జనానికి ఎక్కేసిందని చూసే ఈ గేము చేసే క్యాప్‌కామ్ కంపెనీ వాళ్ళు హైపర్ ఫైటింగ్ దింపినారు. అంటే నేను అప్పుడూ డూప్లికేటే ఆడినా, ఇప్పుడూ సగం గేమే ఆడతా ఉండా.

తర్వాత ఇళ్ళల్లోకి డిస్కులొచ్చినా అలవాటు మాత్రం పోలేదు. స్ట్రీట్ ఫైటర్ 4 ఇంటి కన్సోళ్ళకి 2009లో వచ్చింది, 2010లో సూపర్, 2011లో ఆర్కేడ్ ఎడిషన్, 2014లో అల్ట్రా. మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3 అయితే మరీ ఘోరం, 2011 ఫిబ్రవరిలో ఒకటి, అదే నవంబర్లో ఇంకో 12 మందిని కలిపి అల్టిమేట్ అని ఇంకో డిస్కు. మొదటిది పూర్తి రేటుకి కొన్నోళ్ళు నిండా తిట్టుకున్నారు. వద్దని వదిలేద్దామా అంటే అదీ కుదరదు, టోర్నమెంట్లలో కొత్త వెర్షనే ఆడతారు, ఆన్‌లైన్లో జనమంతా దాంట్లోకే పోతారు, పాతదాంట్లో కొట్టుకోడానికి ఎదుటోడు ఉండడు. అట్లని ప్రతిసారీ వట్టి దోపిడీ అని కూడా అనలేం. 2004లో ఇవో అనే ఫైటింగ్ గేముల టోర్నమెంట్లో డైగో అనే జపాన్ ఆటగాడు దెబ్బ మీద దెబ్బ ఆపుకుంటా గెలిచిన వీడియో చూసుంటారు కదా, అది స్ట్రీట్ ఫైటర్ 3లో థర్డ్ స్ట్రైక్, అంటే మూడో వెర్షన్. సరిచేసి సరిచేసి అక్కడికి తెచ్చినారు, మొదటిదాన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ.

ఈ తిట్లకే 2016లో స్ట్రీట్ ఫైటర్ 5 తెచ్చినప్పుడు ఈ ఒక్క డిస్కు కొంటే చాలు, మళ్ళీ కొనే పని లేదు అని చెప్పినారు. ఆ మాట తప్పలేదు కూడా. ఫైటర్ల బలాబలాలు సరిచేసే బ్యాలెన్సు మార్పులన్నీ నెట్ పెడితే ఫ్రీగా వస్తాయి, 2016 డిస్కుకి కూడా. కొత్త ఫైటర్లకి మాత్రం డబ్బులు, లేదా గేమ్ ఆడి సంపాదించుకునే ఫైట్ మనీ అనే పాయింట్లు. మరి 2018లో ఆర్కేడ్ ఎడిషన్, 2020లో ఛాంపియన్ ఎడిషన్ ఎందుకంటే, అవి అప్పటిదాకా కొననోళ్ళకి, అంతవరకూ వచ్చినోళ్ళనంతా ఒకే రేటుకి మూటగట్టి ఇచ్చే డబ్బాలు. కొత్తగా సీలుతో కొంటే మంచి బేరమే. వాడేసినాక మూట ఊడిపోతుంది, డబ్బా మిగుల్తుంది. అంటే సెకండ్ హ్యాండ్లో ఆ 700 డిస్కూ, నేను తెచ్చిన 1,300 డిస్కూ ఇంటికొచ్చి నెట్ పెట్టినాక ఒకటే!

కాబట్టి సూపర్, అల్టిమేట్, కంప్లీట్ అని ఏది రాసున్నా ముందు కవరు వెనక కింద చిన్న అక్షరాలు చదవండి, కోడ్ అనో డౌన్‌లోడ్ అనో కనపడితే మూట చీటీలో ఉందని అర్థం, సెకండ్ హ్యాండ్లో మామూలు డిస్కు రేటు కన్నా ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వద్దు. చీటీ చేతికిచ్చి ఇదిగో కోడ్ అన్నా నమ్మొద్దు, వాడిందో వాడనిదో చూస్తే తెలీదు. షాపులో టీవీకి కన్సోల్ పెట్టి వేసి చూపించినా నమ్మొద్దు, ఎందుకంటే వాళ్ళ అకౌంట్లో కొనిపెట్టుకునుంటే 40 మందీ కనపడతారు, మీ ఇంట్లో కనపడరు. ఇంకోటి, మనవైపు కువైట్ నుంచీ అమెరికా నుంచీ వచ్చినోళ్ళు తెచ్చిన డిస్కులు బాగా తిరగతా ఉంటాయి, గేమ్ అయితే ఆడుతుంది గానీ డిస్కు రీజియనూ (ఏ దేశాల కోసం చేసిందో అది) మన అకౌంటు రీజియనూ వేరైతే మీరు డబ్బులు పెట్టి కొన్న యాడ్ఆన్ (విడిగా అమ్మే ఫైటర్లు లాంటివి) కూడా దానికి అతుక్కోదు. స్ట్రీట్ ఫైటర్ 6 చూసేవాళ్ళకి కూడా చెప్తున్నా, 2023 డబ్బాలో 18 మంది, 2025లో వచ్చిన ఇయర్స్ 1-2 ఎడిషన్ అంటే 26 మంది, ఆ ఎనిమిది మంది ఎట్ల వస్తారో అడిగి అప్పుడు పర్సు తీయండి.

నేను 400కి ఇవ్వలేదు. డిస్కు ఇంట్లోనే ఉండాది, పిల్లోడు ధాల్సిమ్‌తో నన్ను రోజూ ఉతికినాడు, చేతులు సాగదీసి దూరం నుంచే కొడతాడు, దగ్గరికే పోనీడు. నిన్న ఆ షాపు మీదుగా పోతా చూసినా, అదే బీరువాలో మోర్టల్ కోంబాట్ 11 అల్టిమేట్ పెట్టినాడు, ఫుల్ ప్యాకేజీ అని స్టిక్కరు కూడా అంటించినాడు. కొనే ముందు కవరు వెనక చిన్న అక్షరాలు చదవండి.