కరేలీలో కొన్న బూట్లు, కుట్టించిన బూట్లు

నర్మదా పరిక్రమ, అంటే నది చుట్టూ కాలినడకన ప్రదక్షిణ, చేసేవారు నదిని ఎప్పుడూ కుడిచేతి వైపు ఉంచుకొని నడవాలని, మధ్యలో ఎక్కడా దాటకూడదని ఓంకారేశ్వర్‌లో బయలుదేరే ముందే మాకు తెలుసు. ఆ నియమం బూట్ల దుకాణాలకు కూడా వర్తిస్తుందన్న సంగతి మాత్రం జబల్‌పూర్‌ రేవైన గ్వారీఘాట్‌కు ఎదుటి గట్టున నిలబడేవరకు నాకు తట్టలేదు. నెల కిందట ఉత్తరపు ఒడ్డున, నర్మద పుట్టే అమర్‌కంటక్‌ వైపు వెళ్తూ జబల్‌పూర్‌లో రెండు రోజులు ఆగినప్పుడు, నా బూట్ల మడమలు అరిగిపోయాయని, మార్చుకోవడానికి ఇంతకంటే పెద్ద ఊరు దొరకదని మా బావగారు చెప్పారు. ఇంకో ఐదు వందల కిలోమీటర్లు లాగుతాయిలే అని నేను కొట్టిపారేశాను.

అమర్‌కంటక్‌ చుట్టి దక్షిణపు ఒడ్డున పడమటికి తిరిగి వచ్చేసరికి కుడికాలి బూటు నోరు తెరిచింది, ఎడమదాని అట్టకు చిల్లు పడింది. అవతల గ్వారీఘాట్‌ మెట్లు, వాటి వెనక కాస్త దూరంలో నగరం. పడవ నడిపే ఆయన పది నిమిషాల్లో దించుతానన్నాడు. రాజమండ్రిలో పుట్టి, చిన్నప్పుడు ఊరికే సరదాకు కూడా కొవ్వూరు పడవ ఎక్కిన నాకు, కళ్లెదుటి గట్టుకు వెళ్లకూడదన్న మాట మింగుడుపడలేదు. బావగారు ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటేనే బాగుండేది. ఇవతలి గట్టున ఉన్న గురుద్వారా లంగరులో, అంటే ఉచిత భోజనశాలలో, కడుపునిండా రొట్టె, పప్పు తిని, బూటుకు పురికొస చుట్టుకొని నడక సాగించాను.

అక్కడి నుంచి బర్మాన్‌ ఘాట్‌ వరకు వారం రోజుల దారిలో నాకు బొబ్బలు తప్ప ఏమీ గుర్తు లేవు.

బర్మాన్‌ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి నర్మదను దాటుతుంది. ఆ రహదారి మీద దక్షిణంగా సుమారు 12 కిలోమీటర్లు వెళ్తే కరేలీ వస్తుంది. వాహనం ఎక్కకూడదని మొక్కుకున్నాం కాబట్టి, కొత్త బూట్ల కోసం చిరిగిన బూట్లతోనే అంత దూరమూ నడిచాను. ఇదే రోడ్డు నాగపూర్‌ అవతల హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి దాకా పోతుంది కనుక, మాతో వచ్చిన మాస్టారు తెలుగు అక్షరాలున్న లారీ కనిపించినప్పుడల్లా ఆగి, అది కనుమరుగయ్యేదాకా చూసేవారు. ఇల్లు గుర్తుకొస్తున్నదని ఆయన చెప్పలేదు, మేము అడగలేదు.

కరేలీ బెల్లానికి పేరుపడ్డ ఊరు. అనకాపల్లివారైన మాస్టారు కిలో 50 రూపాయలకు కొని, రుచి చూసి, రంగు తక్కువైనా తీపిలో మోసం లేదని తీర్పు చెప్పారు. ఆ రోజు మా ముగ్గురిలో సంతోషించినవారు ఆయనొక్కరే. రాత్రికి ముగ్గురికీ కలిపి 800 రూపాయల గది తీసుకున్నాం; వేడినీళ్లకు బకెట్టుకు 30 రూపాయలు వేరేగా వసూలు చేశారు. నెలల తరబడి ఆశ్రమాల్లో ఉచితంగా పడుకున్నవాళ్లకు ఆ 30 రూపాయలు చాలా పెద్దవిగా కనిపించాయి. బ్యాగు పట్టీ కుట్టినందుకు 70 రూపాయలు, మూడు జతల మేజోళ్లకు 180 రూపాయలు ఇచ్చాం; ఆ రెండింటి మీదా నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదంతా బజారు వీధిలోని ఒక బూట్ల దుకాణం మీదే. నాకు 8వ నంబరు కావాలంటే, అది లేదని, 9వ నంబరు బూటులో అదనపు అట్ట ఒకటి దూర్చి, నడిచేవాళ్లకు ఇదే మేలని దుకాణదారు నచ్చజెప్పాడు. పేరున్న కంపెనీ సరుకేనని 1,650 రూపాయలు చెప్పి 1,400కు దిగాడు. రసీదు అడిగితే నవ్వి, పరిక్రమవాసులను మోసం చేస్తే నర్మదా మాత ఊరుకుంటుందా అన్నాడు. ఆ మాటకు నేను కరిగిపోయాను. జిగురు వాసన ముక్కుకు తగులుతున్నా పట్టించుకోలేదు.

మళ్లీ నది ఒడ్డుకు చేరి తడి ఇసుకలో రెండో రోజు నడుస్తుండగా, కొత్త బూటు అట్ట మడమ నుంచి వేళ్ల దాకా ఒక్కసారిగా ఊడి వచ్చింది. వెనక్కి వెళ్లి అడగాలంటే రెండు రోజుల నడక. కాబట్టి ఈ దారిలో వచ్చేవారు ఉత్తరపు ఒడ్డున ఉండగానే జబల్‌పూర్‌లో బూట్లు మార్చుకోవాలి; అది తప్పిపోతే, పాతవాటిని కుట్టించుకొని దక్షిణపు ఒడ్డునే ఉన్న నర్మదాపురం, అంటే పాత హోషంగాబాద్‌, దాకా ఓపిక పట్టాలి. కొత్తవి కొన్నా, కనీసం వారం నడిచేదాకా పాతవాటిని పారేయకూడదు.

నేను కరేలీ గదిలోనే పారేసి వచ్చాను. ఇసుకలో కూలబడి ఊడిన అట్టను చూస్తుంటే, బావగారు తన బ్యాగు అడుగు నుంచి హిందీ పత్రికలో చుట్టిన పొట్లం తీసి నా ముందు పెట్టారు. అవి నా పాత బూట్లే. నేను పారేసిన వాటిని ఆయన కరేలీలోనే స్టేషను దగ్గర చెప్పులు కుట్టే ఒక పెద్దాయనకు ఇచ్చి, టైరు ముక్కతో అట్ట వేయించి, ముందు భాగం రెండు వరుసల దారంతో కుట్టించారు. రెండు రోజులు నాకు చెప్పకుండా మోశారు.

“నూట అరవై అయింది బావా,” అని చెయ్యి చాపారు. రెండు వందల నోటు ఇస్తే, నలభై లెక్కపెట్టి తిరిగి ఇచ్చారు. ఓంకారేశ్వర్‌ దాకా ఆ బూట్లతోనే నడిచాను.